1931 ప్లిమత్ ఇంజన్ ఫౌండేషన్లకి కొత్త రబ్బరు పోయించాను, ఎలా ఉందంటే

1931లో వచ్చిన ప్లిమత్ పీఏ కారు ఉన్నవాళ్ళకి, ఆ తర్వాతి ఏడాది వచ్చిన డాడ్జ్, డిసోటో బళ్ళు ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. మీ బండి ఇంజన్ మౌంటింగుల (ఇంజన్‌ని ఫ్రేము మీద కూర్చోబెట్టే ఫౌండేషన్లు) రబ్బరు గట్టిపడి పగుళ్ళు ఇచ్చి ఉంటే రెడీమేడ్ ముక్కలు కొని డబ్బు తగలేసుకోకండి. మీ దగ్గరున్న పాత ఇనుప భాగాలనే పంపించి, వాటి మీద కొత్త రబ్బరు పోయించి వల్కనైజ్, అంటే వేడిలో ఉడికించి గట్టిపరచడం, చేయించుకోండి. ఖర్చు ఎక్కువే, నెలలు పడుతుంది, చేసే షాపువాళ్ళు ఫోన్ ఎత్తడం కూడా అదృష్టమే, అయినా సరే అదే చేయించుకోండి. ఎందుకంటే ఈ బండి పేరు నిలబడిందే ఆ రబ్బరు మీద. అది చచ్చిపోయిన పీఏని నడపడం అంటే 1931లో ప్లిమత్ కట్టిన క్రైస్లర్ వాళ్ళు ఏ జబ్బుకైతే మందు కనిపెట్టారో ఆ జబ్బునే మళ్ళీ తెచ్చి బండిలో పెట్టుకోవడం.

నేను ఉండేది డెట్రాయిట్ పక్కన. ఉద్యోగం కూడా బళ్ళలో వైబ్రేషన్, శబ్దం తగ్గించే పనే. ప్లిమత్ బళ్ళు కట్టిన లించ్ రోడ్ ఫ్యాక్టరీ ఉన్నది ఈ ఊళ్ళోనే. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగవుతుంది, ఈ విషయం ఎత్తితే నేను తొందరగా ఆపలేను.

అసలు సమస్య ఏమిటో చెప్పకపోతే నా మెచ్చుకోలుకి అర్థం ఉండదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి కాబట్టి లెక్క సరిపోవాలి కదా అనిపిస్తుంది. సరిపోదు. పిస్టన్‌ని క్రాంక్‌కి, అంటే అది తిప్పే ఇరుసుకి, కలిపే కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఊగుతుంది కాబట్టి పిస్టన్ పై సగంలో వేగంగానూ కింది సగంలో నెమ్మదిగానూ కదులుతుంది. ఆ తేడా నాలుగు పిస్టన్లకీ కలిసి, క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఇంజన్ మొత్తాన్ని రెండుసార్లు పైకీ కిందికీ కుదుపుతుంది. స్పీడు రెట్టింపైతే ఈ కుదుపు బలం నాలుగు రెట్లవుతుంది. ఇది కాక ఇంకోటి ఉంది. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు సిలిండర్లు మండుతాయి, మండిన ప్రతిసారీ క్రాంక్ ఒక వైపు తిరగబోతే బ్లాకు ఎదురు వైపుకి ఒరగాలని చూస్తుంది. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) నిమిషానికి 500 చుట్లు అనుకోండి, సెకనుకి 16, 17 సార్లు ఇంజన్ పక్కకి ఒరిగి వెనక్కి వస్తుందన్నమాట. ఆ ఇంజన్‌ని బోల్టులతో నేరుగా ఫ్రేముకి బిగించేస్తే ఆ ఊపంతా ఫ్రేములోకి, అక్కడి నుంచి ఫ్లోర్ బోర్డులోకి, స్టీరింగులోకి, సీటులోకి, కూర్చున్నవాళ్ళ ఎముకల్లోకి దిగుతుంది. ఫోర్డ్ మోడల్ టీ లాంటి బళ్ళలో జరిగింది అదే.

దీనికి మందులు ముందు నుంచీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్, క్రాంక్‌కి రెట్టింపు వేగంతో ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు బరువుల షాఫ్టులు పెట్టి పైకీ కిందికీ వచ్చే కుదుపుని రద్దు చేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే చూపించాడు. అద్భుతమైన ఆలోచన, కానీ ఖరీదైన ఇంజనీరింగు, చవక బండిలో పెట్టే పని కాదు, అది మామూలు కార్లలోకి గట్టిగా రావడానికి 1970ల్లో మిత్సుబిషి వాళ్ళు పూనుకోవాల్సి వచ్చింది. ఇంకో మందు సిలిండర్లు పెంచడం. 1929లో షెవర్లే అదే చేసింది, నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్లు అని ఊరూరా చాటింది. ఇక రబ్బరు సంగతి. రబ్బరు పెట్టడం కూడా కొత్తేమీ కాదు, 1920ల్లోనే చాలా కంపెనీలు ఇంజన్ కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాయి. కానీ అది ఊగుతున్న బల్ల కాలి కింద అట్టముక్క పెట్టినట్టే ఉండేది. కాస్త చప్పుడు తగ్గుతుంది, ఊపు మాత్రం అలాగే ఉంటుంది. మెత్తటి రబ్బరు పెడితే ఇంజన్ నాలుగు మూలలా గంతులేస్తుంది, గట్టి రబ్బరు పెడితే రబ్బరు పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే.

1931 వేసవిలో వచ్చిన ప్లిమత్ పీఏ ఈ చిక్కుముడి విప్పింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఫ్లోటింగ్ పవర్. ఇందులో రబ్బరు కన్నా గొప్పది అది ఎక్కడ ఉందన్నది. ప్రతి వస్తువుకీ, ఏ ఆధారమూ లేకుండా వదిలేస్తే తనంతట తాను ఏ గీత చుట్టూ ఒరుగుతుందో ఆ గీత ఒకటి ఉంటుంది, అది దాని బరువు మధ్యలోంచి పోతుంది. ఇంజన్, గేరుబాక్సు కలిపి చూస్తే ఆ గీత ముందు ఎత్తుగా మొదలై వెనక్కి వెళ్ళేకొద్దీ కిందికి దిగుతుంది, ఎందుకంటే ముందు పక్క పెద్ద బ్లాకు, హెడ్డు ఉన్నాయి, వెనక పక్క చిన్న గేరుబాక్సు కింద ఉంది. క్రైస్లర్ వాళ్ళు మౌంటింగులు సరిగ్గా ఆ గీత మీదే పెట్టారు. ఒకటి ముందు, వాటర్ పంపు కింద, ఎత్తుగా. రెండోది వెనక, గేరుబాక్సు దగ్గర, కిందుగా. అంతే, ఇంజన్ బరువంతా ఆ రెండు చోట్లే. ఇక ఇంజన్ ఒరగాలనుకుంటే ఒరగనిచ్చారు. అది తన గీత చుట్టూ తానే ఒరుగుతోంది కాబట్టి ఆ రెండు రబ్బర్లనీ పక్కకి నెట్టదు, కాస్త మెలి తిప్పుతుంది, మెలి తిరగడంలో రబ్బరు చాలా మెత్తన. మరీ ఎక్కువగా ఒరిగిపోకుండా పక్కన ఒక కమాను పట్టీ పెట్టి దాని చివర ఫ్రేము దగ్గర రబ్బరు మధ్య పట్టించారు. క్లచ్ వదిలినప్పుడు వచ్చే పెద్ద మెలిని ఆ పట్టీ ఆపుతుంది, ఐడిల్‌లో వచ్చే చిన్న ఊపుని పట్టించుకోదు. ఈ బొమ్మని మొదటిసారి కాగితం మీద గీసి చూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఇవాళ్టి బళ్ళలో మేము కంప్యూటర్ల మీద గంటల తరబడి లెక్కలు కట్టి వెతికే గీత కూడా ఈ గీతకి చుట్టమే.

ఇంజన్ అదే 196 క్యూబిక్ ఇంచుల నాలుగు సిలిండర్లది, మన లెక్కలో 3.2 లీటర్లు. అంతకు ముందు మోడల్ 30యూలో 48 హార్స్‌పవర్ ఉంటే పీఏలో 56 చేశారు. ఎనిమిది సిలిండర్ల నున్నదనం, నాలుగు సిలిండర్ల పొదుపు అని ప్రకటనల్లో చెప్పుకున్నారు. ధర 535 డాలర్ల నుంచి మొదలు. దేశం ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్నప్పుడు లక్షకు పైగా పీఏలు అమ్ముడయ్యాయి, ప్లిమత్ అమ్మకాల్లో ఫోర్డ్, షెవర్లేల తర్వాత మూడో స్థానానికి ఎక్కింది. వాల్టర్ క్రైస్లర్ కొత్త పీఏని స్వయంగా తీసుకెళ్ళి హెన్రీ ఫోర్డ్‌కి, ఆయన కొడుకు ఎడ్సెల్‌కి చూపించి, బండి వాళ్ళకే బహుమతిగా వదిలేసి టాక్సీలో ఇంటికి వెళ్ళాడన్న కథ ఇక్కడ పాత బళ్ళ వాళ్ళందరికీ తెలుసు. ఎదుటి కంపెనీ యజమానికే బండి ఇచ్చి రావాలంటే తన వస్తువు మీద ఎంత నమ్మకం ఉండాలి! ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఈ హక్కులు తీసుకుని 1932లో తన బళ్ళకి పెట్టుకుంది, నీళ్ళ మీద తేలే హంస బొమ్మని గుర్తుగా వేసుకుంది. ఆ హంస గుర్తున్న సిట్రోయెన్ రోజలీ ఎక్కడైనా కనిపిస్తే రేడియేటరు ముందు రెండు నిమిషాలు నిలబడండి.

సరే, ఇప్పుడు నా బండి. నా చేతికి వచ్చేసరికి ఇది నాలుగు తలుపుల సెడాన్, బాడీ బాగుంది, ఇంజన్ బాగుంది, హైడ్రాలిక్ బ్రేకులు బాగున్నాయి, ఐడిల్ మాత్రం భరించలేం. ముందు మౌంటింగులో అసలు రబ్బరు పోయి, ఎవరో కన్వేయర్ బెల్టు లాంటి మందపాటి షీటు కోసి దూర్చి బోల్టు బిగించేశారు. వెనక దానిలో పాత రబ్బరే ఉంది, కానీ గోరు గుచ్చితే దిగదు, ఒక పక్క ఇనుము నుంచి ఊడి వచ్చేసింది, ఏళ్ళ తరబడి గేరు ఆయిలు కారి ఆ పక్కంతా ఉబ్బి ఉంది. సహజ రబ్బరుకి ఆయిలు పడదు, వేడి పడదు, గాలిలో ఓజోన్ కూడా పడదు, తొంభై ఏళ్ళకి ఇంకేం మిగులుతుంది పాపం. ఫౌండేషన్ పోయిన అంబాసిడర్‌లో కూర్చున్నవాళ్ళకి ఈ అనుభవం వేరే చెప్పక్కర్లేదు, గేరు రాడ్డు తనంతట తాను ఊగుతూ ఉంటుంది, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది. మా ఆవిడ పది నిమిషాలు కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కాయని దిగిపోయేది.

ముందుగా ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ మౌంటింగు ఒకటి తెప్పించి చూశాను. ఎవరు చేశారన్నది వదిలేయండి. చూడటానికి బాగుంది, నల్లగా నిగనిగలాడుతోంది, కొలతలు కూడా దాదాపు సరిపోయాయి. కానీ నా దగ్గరున్న, రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటరు గుచ్చి చూస్తే షోర్ ఏ స్కేలు మీద 70 దాటింది (అంకె పెరిగేకొద్దీ రబ్బరు గట్టి). మెత్తగా మెలి తిరగాల్సిన చోట అంత గట్టి రబ్బరు పెడితే ఫ్లోటింగ్ పవర్ అన్న మాటకి అర్థమే పోతుంది. ఒక లెక్క చెబుతాను. ఐడిల్‌లో ఊపు సెకనుకి 17 సార్లు వస్తుంటే, రబ్బరు మీద కూర్చున్న ఇంజన్ సొంతంగా ఊగే వేగం సెకనుకి 12 సార్ల కన్నా తక్కువ ఉండాలి, అప్పుడు గానీ ఫ్రేములోకి వెళ్ళే ఊపు తగ్గడం మొదలవదు. దానికన్నా గట్టిగా ఉంటే తగ్గకపోగా పెరుగుతుంది కూడా. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుందని అమ్మేవాళ్ళు చెప్పే మాట నిజమే కావచ్చు, కానీ పని చెయ్యని వస్తువు ఎంతకాలం మన్నితే ఏం లాభం? పాలియురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్కలు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళకి కూడా నా జవాబు ఇదే. రేసు బండికి సరే, పీఏకి వద్దు.

దాన్ని వెనక్కి పంపేసి, పాత బళ్ళ రబ్బరు భాగాలకి తిరిగి రబ్బరు పోసే ఒక చిన్న షాపుకి నా ఇనుప భాగాలు పంపాను. ఇద్దరు ముగ్గురు మనుషులు నడిపే షాపు, పాత బళ్ళ క్లబ్బులో పెద్దాయన ఒకరు చెబితే తెలిసింది. వాళ్ళు చేసే పని ఇదీ: పాత రబ్బరంతా తీసేసి, ఇనుముని ఇసుకతో బ్లాస్ట్ చేసి తెల్లగా తేలుస్తారు, బాండింగు మందు పూస్తారు, అచ్చులో పెట్టి పచ్చి రబ్బరు నింపి వేడీ ఒత్తిడీ ఇచ్చి అక్కడికక్కడే ఉడికిస్తారు. ఇందులో కీలకం బాండింగు. రబ్బరు, ఇనుము ఒకదానికొకటి అంటుకుపోయి ఒకే ముక్క కావాలి. జిగురుతో అతికించిన రబ్బరు చూడటానికి అలాగే ఉంటుంది గానీ పక్కకి లాగే బలం రాగానే పొరలా లేచి వచ్చేస్తుంది. ఆ కాలంలో ఇనుము మీద ఇత్తడి పూత వేసి దాని మీద రబ్బరు ఉడికించేవాళ్ళు, గంధకం ఇత్తడితో కలిసి గట్టిగా పట్టుకునేది, ఇప్పుడు ఆ పని రసాయనాలు చేస్తున్నాయి. సరుకు సహజ రబ్బరే వాడమని నేను పట్టుబట్టాను. ఆయిలుని తట్టుకునే నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పెడదామన్నారు షాపువాళ్ళు. డూపాంట్ వాళ్ళు దాన్ని బయటపెట్టింది కూడా 1931లోనే, మంచి పదార్థం, హోసు పైపులకి ఎంతైనా వాడండి. కానీ సన్నటి వేగమైన ఊపుల దగ్గర సహజ రబ్బరు ఇచ్చే మెత్తదనం దానికి రాదు. ఆయిలు కారకుండా చూసుకోవడం నా బాధ్యత అని చెప్పి ఒప్పించాను.

తిరిగి వచ్చిన భాగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. రబ్బరు మీద అచ్చు గీత తప్ప గాలి బుడగలు లేవు, ఇనుముకి కలిసే అంచు దగ్గర సన్నటి స్క్రూడ్రైవరుతో లాగి చూశాను, ఎక్కడా లేవలేదు. డ్యూరోమీటరు 45 దగ్గర చూపించింది, నేను అడిగింది కూడా అదే. ముందు మౌంటింగు స్టడ్ మర మాత్రం బ్లాస్టింగులో దెబ్బతింది, డై వేసి సరిచేసుకోవాల్సి వచ్చింది, ఆ మర మీద టేపు చుట్టి బ్లాస్ట్ చెయ్యడం పెద్ద పనేం కాదు కదా. రబ్బరు మీద కూడా కాస్త నల్ల పెయింటు పడింది, అది పగుళ్ళకి దారి తీస్తుంది కాబట్టి తుడిచేశాను. చెప్పిన గడువు దాటి చాలా ఆలస్యమైంది, మధ్యలో రెండు మెయిళ్ళకి జవాబే లేదు, టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఆ ఇనుప భాగాలు పోతే మళ్ళీ దొరకవు. రెండు మౌంటింగులకీ, కమాను పట్టీ చివరి రబ్బర్లకీ కలిపి 400 డాలర్ల పైచిలుకు అయింది, పోస్టు ఖర్చు వేరే. రెడీమేడ్ దానికి ఇందులో పావు వంతు కూడా కాదు. అయినా నాకు ఇది ఎక్కువ అనిపించలేదు.

బిగించడం ఒక మనిషి చేసుకోగల పనే గానీ తొందర పడకూడదు. ఆయిల్ పాన్ కింద మందపాటి చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు మాత్రమే ఎత్తాలి. అంతకు ముందే రేడియేటరు హోసులు, ఎగ్జాస్టు ఫ్లాంజి, పెట్రోలు పైపు, యాక్సిలరేటరు రాడ్డు విప్పి పెట్టుకోవాలి, లేకపోతే ఏదో ఒకటి వంగుతుంది. వెనకది ముందు, ముందుది తర్వాత. బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, విప్పినవన్నీ తిరిగి తగిలించి ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు ఐడిల్‌లో తిరగనివ్వండి, అది తన చోటు తనే చూసుకుంటుంది, అప్పుడు ఆపి బిగించండి. కమాను పట్టీ చివర రబ్బరు మధ్యలో ఏ పక్కకీ నొక్కుకోకుండా ఉండాలి. అది ఒక పక్కకి ఆనుకుని ఉంటే ఐడిల్ ఊపంతా దాని గుండానే ఫ్రేములోకి వెళ్ళిపోతుంది, మీరు పెట్టిన 400 డాలర్లూ బూడిదలో పోసినట్టే. కొత్త రబ్బరు మొదటి వారాల్లో కాస్త కుంగుతుంది, కాబట్టి ఫ్యాను రెక్కలకీ రేడియేటరుకీ మధ్య ఖాళీని కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూడండి.

చాలామంది మర్చిపోయే సంగతి ఇంకొకటి, ఎర్తు పట్టీ. ఇంజన్ రబ్బరు మీద తేలుతోందంటే కరెంటుకి కూడా ఫ్రేముతో సంబంధం తెగిపోయినట్టే. ఇది 6 వోల్టుల బండి, స్టార్టరు చాలా కరెంటు లాగుతుంది, ఆ కరెంటు వెనక్కి వెళ్ళడానికి ఇంజన్ నుంచి ఫ్రేముకి అల్లిన రాగి పట్టీ ఉండాలి. లేకపోతే యాక్సిలరేటరు రాడ్డు గుండానో హ్యాండు బ్రేకు కేబులు గుండానో దారి వెతుక్కుంటుంది, అవి కాలిపోతాయి. పట్టీకి కాస్త వదులు ఉంచండి, బిగుతుగా లాగి కడితే ఊగే ఇంజన్ దాన్ని తెంపేస్తుంది. అసలు ఫ్లోటింగ్ పవర్ పెట్టినప్పుడు క్రైస్లర్ ఇంజనీర్లకి ఎదురైన పని కూడా ఇదే కదా, ఇంజన్‌కి తగిలే ప్రతి పైపూ ప్రతి రాడ్డూ దానితో పాటు కదలగలగాలి. మౌంటింగు ఒక్కటే మారిస్తే అయిపోయేది కాదు.

ఫలితం గురించి. స్టార్ట్ చేసి బానెట్టు ఒక పక్క ఎత్తి చూస్తే ఇంజన్ ఊగుతూ కనిపిస్తుంది, బాగానే ఊగుతుంది, కొత్తగా చూసేవాళ్ళకి ఏదో ఊడిపోయిందేమో అనిపించేంత. అప్పుడు హెడ్‌లైటు గిన్నె మీద చెయ్యి పెట్టండి, కదలదు. ఫెండరు మీద నీళ్ళ గ్లాసు పెట్టాను, నీటి మీద సన్నటి వలయాలు తప్ప ఏమీ లేదు, ఇంతకుముందు అదే చోట గ్లాసు జారి అంచు దాకా వచ్చేసేది. స్టీరింగు కాలమ్‌కి ఫోన్ కట్టి, ఊపు కొలిచే యాప్‌లో చూస్తే ఐడిల్ దగ్గర ఉండే పెద్ద శిఖరం దాదాపు కనపడకుండా పోయింది. స్విచ్ ఆపేటప్పుడు మాత్రం ఇంజన్ ఒక్కసారి గట్టిగా ఊగి నిలబడుతుంది. అది తప్పు కాదు, చుట్లు తగ్గుతూ రబ్బరు సొంత వేగాన్ని దాటి వెళ్ళేటప్పుడు వచ్చే ఊపు అది, మెత్తటి మౌంటింగు ఉన్న ప్రతి బండిలోనూ ఉంటుంది. రోడ్డు మీద గంటకి 35, 40 మైళ్ళ దగ్గర ఇంజన్ ఉందా లేదా అన్నట్టు పోతోంది, ఫ్రీవీలింగు (యాక్సిలరేటరు వదిలితే ఇంజన్‌తో సంబంధం లేకుండా బండి దొర్లే ఏర్పాటు) వేసుకుని వదిలితే ఇంక చెప్పనే అక్కర్లేదు, టైర్ల చప్పుడూ గాలీ వినిపిస్తాయి. 50 మైళ్ళు దాటిస్తే మాత్రం నాలుగు సిలిండర్ల కుదుపు పాదాల కింద సన్నగా తెలుస్తుంది. దీన్ని దాచను, రబ్బరు ఆ కుదుపుని వడపోస్తుంది గానీ పుట్టకుండా ఆపలేదు, ఎనిమిది సిలిండర్ల నున్నదనం అన్నది ప్రకటన రాసినవాళ్ళ ఉత్సాహం. మా ఆవిడ ఈసారి డియర్‌బోర్న్ దాకా వచ్చింది, అక్కడ గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో సెప్టెంబరులో పెట్టే ఓల్డ్ కార్ ఫెస్టివల్‌కి 1932 దాకా వచ్చిన బళ్ళనే రానిస్తారు, మా పీఏ అక్కడ గంటల తరబడి ఐడిల్‌లో నిలబడి ఎంతమందితో చెయ్యి పెట్టించుకుందో.

ఫోర్డ్ మోడల్ ఏ వాళ్ళు చాలామంది ఇది విని తమ బండికి కూడా రబ్బరు కిట్లు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు, మార్కెట్లో దొరుకుతాయి, కానీ ఇంత తేడా ఆశించకండి. రెండు కారణాలు. మోడల్ ఏ ఇంజన్‌కి వెనక రెండు పక్కలా కాళ్ళున్నాయి, ఇందాక చెప్పిన గీతకి అవి దూరంగా ఉంటాయి, కాబట్టి ఇంజన్ ఒరిగినప్పుడల్లా ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి రబ్బరుని నొక్కుతాయి, ఆ నొక్కుడు ఫ్రేములోకి వెళ్తుంది. అంతకన్నా ముఖ్యం, ఫోర్డులో వెనక చక్రాలు బండిని ముందుకి నెట్టే బలం టార్క్ ట్యూబు అనే గొట్టం గుండా ఇంజన్‌కి వచ్చి, ఇంజన్ మౌంటింగుల గుండానే ఫ్రేముకి అందుతుంది. అంటే బండిని తోసే బలమంతా ఆ రబ్బరే మోయాలి, కాబట్టి దాన్ని ఒక హద్దు దాటి మెత్తగా చెయ్యలేరు. ప్లిమత్‌లో ఆ బలం వెనక కమాన్ కట్టల గుండా ఫ్రేముకి పోతుంది, ఇంజన్ రబ్బరుకి ఆ బరువు లేదు. అందుకే అది అంత మెత్తగా ఉండగలిగింది.

ఇండియాలో పాత బళ్ళు బాగుచేసుకునే మనవాళ్ళకి ఒక మాట. అమెరికాకి పంపక్కర్లేదు. బెజవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాదులోనో రబ్బరు మోల్డింగు చేసేవాళ్ళని వెతికి, ఇనుముకి రబ్బరు బాండింగు చేసి వల్కనైజ్ చేస్తారా, లేక ముక్క కోసి అతికిస్తారా అన్నది మొదట అడగండి. అతికించేవాళ్ళయితే దండం పెట్టి వచ్చేయండి. సహజ రబ్బరు, షోర్ ఏ 45 నుంచి 50 మధ్య కావాలని చెప్పండి. లారీ ఫౌండేషన్లకి వాడే గట్టి మిశ్రమమే మీకూ పోసేస్తారు, చెప్పకపోతే. శాంపిల్ ముక్క ఒకటి ఉడికించి ఇమ్మని అడిగి, అది సరిపోయాకే అసలు భాగం ఇవ్వండి.

పీఏ వాళ్ళు మీ భాగాలు పంపే ముందు ఇనుప పళ్ళేల మధ్య దూరం, స్టడ్ల పొడవు, ఏ స్టడ్ ఏ కోణంలో ఉందో కొలిచి ఫోటోలు తీసి పెట్టుకోండి. నా దాంట్లో ముందు మౌంటింగు పాత రబ్బరు ఎప్పుడో కుంగిపోయి ఉంది కాబట్టి ఆ ఎత్తుకే పోసి ఇస్తే ఫ్యాను కిందికి దిగిపోయేది. షాపువాళ్ళ దగ్గర చెడని అసలు మౌంటింగు కొలతలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. వాళ్ళని ఆ కొలతలకే పొయ్యమని కాగితం మీద రాసి పెట్టెలో వెయ్యండి, ఫోన్‌లో చెప్పింది వాళ్ళకి గుర్తుండదు.